మందుకు ముందు పరీక్ష

ఏటేటా వానలు పడి వెనుకబట్టిన పిమ్మట మన సీమలో జ్వరములు తలయెత్తుట అందరు నెరిగినదే. గౌరిబిదనూరు, గుడిబండ, బాగేపల్లి, చింతామణి - ఏ తాలూకాకు పోయినను ఆ దినములలో వీధికి రెండిండ్లలోనైనను మంచమెక్కినవారు కనబడుదురు. అప్పుడు మన యిండ్లలో జరుగునదేమి? మొదటి దినము మిరియాల కషాయము. రెండవ దినము మందుల అంగడికి పోయి జ్వరమునకు నాలుగు మాత్రలడిగి తెచ్చుకొనుట. మూడవ దినము ఇంజెక్షను. నాలుగవ దినమునకు తగ్గినచో దైవకృప. తగ్గనిచో బెంగళూరు బస్సు. ఈ క్రమములో ఎక్కడను "ఇది ఏ జ్వరము?" అను ప్రశ్న రాదు. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పగల చోటు సూక్ష్మజీవుల పరీక్షాశాల. దానిని గురించి మన కుటుంబములు ఆలోచింపవలెననియు, మన సంఘము దానికై కొంత శ్రమపడవలెననియు చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ మాట మనవారికి కొత్త కాదు. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టుకు బండ్లు తోలిన కుటుంబములు మనలో ఎన్నియో కలవు. పట్టుపురుగుల గుడ్లు కొనునప్పుడు మన రైతు మొదట విచారించునదేమి? ఆ గుడ్లు పరీక్షింపబడినవా లేవా అని. పెబ్రిన్ అను రోగము తల్లి చిలుకనుండి గుడ్డుకు సంక్రమించును. ఆ గుడ్లు ఇంటికి వచ్చినచో చంద్రికల మీదికి పురుగులు ఎక్కకముందే పంట పోవును. కనుక గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి, ఆ రసమును సూక్ష్మదర్శిని క్రింద చూచి, రోగబీజము లేదని తేలిన తరువాతనే గుడ్లను రైతుకిత్తురు; ఉన్నదని తేలినచో ఆ గుడ్లను తగులబెట్టుదురు. ఈ పద్ధతిని కనుగొనినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చరు. 1865 నుండి 1870 వరకు ఆయన దక్షిణ ఫ్రాన్సులోని అలేస్ ప్రాంతమున పట్టు రైతుల నడుమ పనిచేసి దీనిని స్థిరపరచెను. మనుష్యుల అంటురోగములను సూక్ష్మజీవులే కలిగించునని లోకము నమ్ముటకు తోడ్పడిన పరిశోధనలలో ఇది యొకటి.

పరీక్ష లేని గుడ్లను మన చేతితో ముట్టము. పరీక్ష లేని మాత్రను మాత్రము మన బిడ్డ నోట వేయుదుము. పురుగునకిచ్చిన గౌరవము బిడ్డకెందుకియ్యరాదు? ఇదియే మేము అడుగదలచిన ప్రశ్న.

పరీక్షాశాలలో ఏమి జరుగునో తెలియకపోవుటచేత కొందరికి దానియెడ భయమును, కొందరికి అనుమానమును కలవు. అక్కడ జరుగు పనిని నాలుగు విధములుగా చెప్పవచ్చును. మొదటిది కంటితో చూచుట. రక్తపు చుక్కనో, కఫమునో గాజుపలక మీద పలుచగా పూసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని క్రింద చూతురు. మలేరియా క్రిమి రక్తకణములలో ఇట్లు కనబడును. క్షయ క్రిమి కఫములో ఎఱ్ఱని సన్నపు పుల్లవలె కనబడును. 1884 లో గ్రామ్ అను డేనిష్ వైద్యుడు కనుగొనిన రంగుల పద్ధతితో బాక్టీరియాలను రెండు పెద్ద తెగలుగా విడదీయుదురు. ఏ తెగదో తెలిసినచో ఏ మందు వైపు చూడవలెనో వైద్యునికి తొలి సూచన దొరకును.

రెండవది పెంచి చూచుట. మన గృహిణులకు దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. పాలలో కొంచెము తోడు వేసి వెచ్చగా ఉంచినచో మర్నాటికి పెరుగగును. తోడులోని జీవులు రాత్రికి రాత్రి కోట్లుగా పెరుగుటయే దానికి కారణము. పరీక్షాశాలవారును రోగి రక్తమును పోషకద్రవముగల సీసాలో పోసి, శరీరపు వేడికి సమానముగా 37 డిగ్రీలలో ఉంచుదురు. క్రిమి యున్నచో అది పెరుగును. దానిని అగరు అను ముద్ద పరచిన మూతగల గాజుపళ్లెములో పూసినచో చిన్న చిన్న చుక్కలుగా గుంపులు కట్టును. సముద్రపు పాచినుండి తీయు ఈ అగరును వాడవచ్చునని 1881 ప్రాంతమున సూచించినది ఫానీ హెస్సే అను ఇల్లాలు. ఆమె భర్త రాబర్టు కోఖు పరిశోధనశాలలో పనిచేయుచు, వేసవిలో జెలటిను కరగిపోవుచున్నదని విసుగు చెందుచుండగా, వంటింటిలో తానెరిగిన అగరును ఆమె చూపినది. నేటికిని ప్రపంచమంతటను పరీక్షాశాలలు ఆ వంటింటి ఉపాయము మీదనే నడచుచున్నవి.

ఆ పళ్లెము మీదనే మూడవ పని జరుగును. వేరువేరు మందులు పూసిన చిన్న కాగితపు బిళ్లలను దాని మీద పెట్టి ఒక రాత్రి ఉంచుదురు. ఏ బిళ్ల చుట్టు క్రిములు పెరుగక తెల్లగా నేల కనబడునో ఆ మందు పనిచేయును. ఏ బిళ్ల అంచువరకు క్రిములు నిర్భయముగా పెరిగినవో ఆ మందు ఆ రోగికి వృథా. ఈ ఒక్క పళ్లెము పది దినముల వ్యర్థచికిత్సను తప్పింపగలదు. నాలుగవది, క్రిమి కంటికి చిక్కనప్పుడు దాని జాడలను పట్టుట. వైరసులు సాధారణ సూక్ష్మదర్శినికి కనబడవు. వాని అంశములనుగాని, వానితో పోరాడుటకు మన రక్తము తయారుచేయు ప్రతిరక్షకములనుగాని, వాని జన్యుపదార్థమునుగాని యంత్రసహాయమున గుర్తింతురు. డెంగీలో మొదటి అయిదు దినములలో వైరసు అంశమును పట్టు ఎన్ఎస్1 పరీక్ష పనికివచ్చును. అటుపిమ్మట ప్రతిరక్షకములను చూచు ఐజిఎం పరీక్ష పనికివచ్చును. ఏ దినమున జ్వరము మొదలైనదో వైద్యునికి సరిగా చెప్పుట ఎంత అవసరమో దీనిబట్టి తెలియగలదు.

ఇక మన సీమ చరిత్రను చూతము. 1898 ఆగస్టులో బెంగళూరులో ప్లేగు ప్రవేశించెను. అటనుండి మైసూరు సంస్థానమంతటను అది విస్తరించెను. ఎలుకలు చచ్చి పడుచున్నవనగానే ఊరు ఊరంతయు పొలములకు లేచిపోయి గుడిసెలలో కాపురముండిన సంగతి మన తాతముత్తాతల నోట వినినవారు నేటికిని కలరు. ప్లేగమ్మకు గుడి కట్టి మ్రొక్కినారు. వారి భయమును మేము పరిహసింపము. శత్రువెవరో తెలియని దినములలో అంతకన్న చేయదగినది వారికి కనబడలేదు. ఊరు విడిచిపోవుట మాత్రము నిజముగనే మేలైన పని యైనది. ఏలయనగా రోగము ఎలుకల మీది గోమార్లనుండి వచ్చుచుండెను. ఆ శత్రువును పట్టినది పరీక్షాశాలయే. 1894 లో హాంగ్‌కాంగులో యెర్సిన్ అను శాస్త్రవేత్త ప్లేగు క్రిమిని గుర్తించెను. 1897 జనవరిలో బొంబాయిలో హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు ఆ క్రిములను పెంచి, వేడిచే చంపి, టీకామందు చేసి, మొదట తన శరీరమునకే గ్రుచ్చుకొనెను. 1898 లో కరాచీలో సిమాండు అనునతడు గోమార్ల పాత్రను తెలిపెను. నాలుగేండ్లలో దేవత కోపమనుకొన్న రోగమునకు పేరు, మార్గము, టీకా మూడును దొరికినవి.

ఈ కథ ముగిసినదని మనమనుకొనరాదు. మన దేశమున పరీక్షాశాలలో ధ్రువపడిన ప్లేగు 1966 లో కనబడినది ఎక్కడనో కాదు, కోలారు జిల్లా ములబాగిలులోనే. 2007 వరకు మన చిక్కబళ్లాపుర తాలూకాలన్నియు ఆ కోలారు జిల్లాలోనివే. ఆ తరువాత ఇరువదియెనిమిది సంవత్సరములకు, 1994 లో, మహారాష్ట్రములోని బీడ్ జిల్లాలోను గుజరాతులోని సూరతులోను ప్లేగు వార్త పుట్టెను. అప్పుడు సూరతునుండి లక్షలాది జనులు పారిపోయిరి. పరదేశములు విమానములను నిలిపివేసెను. అది ప్లేగా కాదా అని పరీక్షాశాలలు త్వరగా, ఏకకంఠముగా చెప్పలేకపోవుట ఆ భయమును ఎన్నో రెట్లు పెంచెను. కర్ణాటక, ఆంధ్ర, తమిళ రాష్ట్రముల సరిహద్దులు కలియు ప్రాంతమున నేటికిని ఎలుకలను పట్టి, వాని రక్తములో ప్లేగు జాడలున్నవా అని పరీక్షించు పని బెంగళూరులోని కేంద్రసంస్థద్వారా జరుగుచున్నది. మనుష్యునికి జ్వరము రాకముందే ఎలుక రక్తమును చూచి హెచ్చరించు ఈ కాపలా మనకు కనబడదు. కనబడకపోవుటయే దాని విజయము.

క్షయరోగమునుగూర్చి మన సీమకు ఇంకను దగ్గరి కథ కలదు. మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరమను చోట 1912 లో స్థాపింపబడి 1915 లో ప్రారంభమైన క్షయ చికిత్సాలయము ఒకప్పుడు దక్షిణాదికంతటికిని పేరుపడినది. చింతామణినుండియు, బాగేపల్లినుండియు బండి కట్టించుకొని అక్కడకు పోయినవారి కథలు మన కుటుంబములలో లేకపోలేదు. 1948 లో మన దేశమున బి.సి.జి. టీకా పని ఆరంభమైన చోట్లలో మదనపల్లె యొకటి. 1959 లో బెంగళూరులో జాతీయ క్షయరోగ సంస్థ వెలసెను. ఆ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సను అను ఇరువురు మన పొరుగున ఉన్న తుమకూరు జిల్లా గ్రామములలో విచారణ జరిపి, 1963 లో ప్రకటించిన విషయము మన హృదయములలో చెక్కుకొనదగినది.

అంతకుముందు పెద్దలనుకొనినదేమి? పల్లెటూరివారు అజ్ఞానులు, రోగము వచ్చినను ఆసుపత్రికి రారు, కనుక ఎక్స్‌రే బండ్లను ఇంటింటికి తోలవలెను అని. విచారణలో తేలినదేమి? కఫములో క్షయ క్రిములుగల గ్రామస్థులలో సుమారు సగముమంది అప్పటికే తమంతట తాము ఆసుపత్రి గడప త్రొక్కినవారే. అక్కడ వారికి దగ్గు మందు సీసా ఇచ్చి పంపినారు. కఫమును ఎవరును పరీక్షింపలేదు. తప్పు పల్లెవానిది కాదు. అతడు తన పని చేసినాడు. అతని కఫమును గాజుపలక మీద పూసి రెండు నిమిషములు చూచువారు లేకపోవుటయే లోపము. ఆ విచారణల ఫలితముగా, దగ్గుతో వచ్చిన ప్రతివాని కఫమును అతడు వచ్చిన చోటనే పరీక్షింపవలెనను సూత్రము 1962 లో రూపొందిన జాతీయ క్షయ నివారణ కార్యక్రమమునకు ఆధారమైనది. తుమకూరు పల్లెలలో పుట్టిన ఆ సూత్రమును తరువాత ఎన్నో దేశములు అనుసరించినవి.

అరువదేండ్లు గడచినవి. నేటికిని ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశముననే ఉన్నారు. నేడు పరీక్ష ఎంతో సులభమైనది. బెంగళూరులోని బిగ్‌టెక్ పరిశోధనశాలలో రూపొంది, గోవాలో తయారగు ట్రూనాట్ అను చిన్న యంత్రము బ్యాటరీతోనే నడచును. కఫములో క్షయ క్రిమి జన్యుపదార్థము ఉన్నదో లేదో సుమారు ఒక గంటలో చెప్పును. రిఫాంపిసిను అను ముఖ్యమైన మందుకు ఆ క్రిమి లొంగునో లొంగదో మరియొక పరీక్షచే చెప్పును. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ పరీక్షయు మందులును ఉచితము. చికిత్సకాలమున పోషకాహారమునకై రోగికిచ్చు సహాయము 2024 నవంబరునుండి నెలకు వేయి రూపాయలైనది. ఇన్ని యుండియు మనలో కొందరు రెండు వారములు దాటిన దగ్గును "పొగ", "చలి", "దుమ్ము" అని చెప్పి దాచుచున్నారు. ఇంట పెండ్లికెదిగిన పిల్లయున్నదని, వియ్యాలవారు వినరాదని దాచుచున్నారు. అయ్యా, దాచిన దగ్గు ఆ పిల్లనే ముందుగా పట్టును. సరిగా మందులు తిన్న రోగినుండి కొలది వారములలోనే ఇతరులకు అంటు ప్రమాదము మిక్కిలి తగ్గిపోవును. దాచినవాడు నెలల తరబడి ఇంటిల్లిపాదికి పంచును. వంశపు పరువు ఎందులో ఉన్నదో పెద్దలే తేల్చుకొనవలెను.

ఇటీవలి రెండు సంగతులను కూడ స్మరింతము. 2020 మార్చిలో కోవిడ్ ఇంకను దేశమునకు కొత్తగా నున్నప్పుడే మన గౌరిబిదనూరు పేరు రాష్ట్రమంతటను వినబడినది. తొలినాళ్లలో రోగము బయటపడిన చిన్న పట్టణములలో మనదొకటి. జనవరిలో కేరళలోని మొదటి రోగియొక్క నమూనా పూనాలోని జాతీయ వైరసు సంస్థకు పోయి ధ్రువపడినది. మన జిల్లా నమూనాలు బెంగళూరుకు పోవలసివచ్చినవి. ఫలితము వచ్చువరకు ఎవరిని వేరుచేయవలెనో, ఎవరిని పని చేయనీయవలెనో తెలియక వీధులన్నియు కట్టివేయబడినవి. ఒక సంవత్సరము తిరుగునప్పటికి దేశమున ఆ పరీక్ష చేయు శాలలు రెండువేలకు మించినవి. అనగా సంకల్పమున్నచో పరీక్షాశాలలను నెలకొల్పుట మనకు చేతనైన పనియేయని ఋజువైనది.

రెండవది 2023 నాటిది. శిడ్లఘట్ట తాలూకాలోని తలకాయలబెట్ట, పేరులోనే సగము తెలుగు సగము కన్నడము కలసిన ఊరు. అక్కడ ఆగస్టులో ఆరోగ్యశాఖవారు పట్టిన దోమలలో జికా వైరసు కలదని అక్టోబరు చివర తేలినది. చుట్టు అయిదు కిలోమీటర్ల మేర గ్రామములను హెచ్చరించి, జ్వరగ్రస్తులను, గర్భిణీ స్త్రీలను ప్రత్యేకముగా విచారించినారు. ఏలయనగా ఆ వైరసు గర్భస్థ శిశువు మెదడును చెరుపును. 2015, 2016 సంవత్సరములలో బ్రెజిలు దేశము ఆ దుఃఖమును అనుభవించినది. ఒక దోమ కడుపులోని విషయము మన జిల్లా అధికారులకు తెలియుట గొప్ప సంగతియే. దానిని మెచ్చుకొందుము. అయినను ఆగస్టులో పట్టిన దోమ మాట అక్టోబరు చివర తెలిసినదనుట కూడ గమనింపదగినదే. దోమ రెండు నెలలు ఆగదు. పరీక్షించు శాలలు దగ్గరగను, తగినన్నియు ఉన్నచో ఆ వ్యవధి వారములనుండి దినములకు తగ్గును.

మందుల మాట కొంత చెప్పక తప్పదు. భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలకు నాయకత్వము వహించుచుండగా, 1948 లో ఆరియోమైసిన్ అను మందు వెలువడినది. మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి అది లభించినది. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అది పెద్దబిడ్డ. అదే కుటుంబములోని డాక్సిసైక్లిన్ నేడు ప్లేగునకును, మన ప్రాంతములలో కనబడు స్క్రబ్ టైఫస్ జ్వరమునకును వాడుచున్నారు. తెలుగువారు గర్వింపదగిన విషయమిది. గర్వించుటతో పాటు ఆ సొత్తును కాపాడవలసిన బాధ్యత కూడ మనకున్నది.

కాపాడుట యనగా ఏమి? డెంగీ, జలుబు, ఇన్‌ఫ్లుయెంజా మొదలగునవి వైరసుల వలన వచ్చును. బాక్టీరియాలను చంపు మందులు వానిని తాకనైనను తాకవు. అయినను వానికి ఆ మందులే కొని మింగుచున్నాము. టైఫాయిడు వంటివానికి ఆ మందులు అవసరమే, కాని అయిదు దినములు తినవలసినచో రెండు దినములకే జ్వరము తగ్గినదని మానివేయుచున్నాము. అనవసరముగ తిన్న ప్రతి మాత్రయు మన దేహములోని క్రిములకు ఆ మందును తట్టుకొను అభ్యాసమును నేర్పును. బలహీనమైనవి చచ్చి, తట్టుకొనినవి మిగిలి, పెరిగి, పొరుగువానికి అంటును. 2014 మార్చినుండి కొన్ని ముఖ్యమైన మందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదనియు, అమ్మిన వివరము పుస్తకములో వ్రాయవలెననియు నిబంధన యున్నది. చట్టమున్నను, అంగడివాని వద్ద చీటీ లేక అడుగువారము మనమే. ముందు మన చేయి వెనుకకు తీసుకొందము.

టైఫాయిడు విషయమున మరియొక మాట. మన పట్టణములలో జ్వరమనగానే వైడాల్ పరీక్ష చేయించి, ఫలితపు చీటీలో అంకె కొంచెము హెచ్చుగా కనబడగానే టైఫాయిడని మందులు మొదలుపెట్టు అలవాటు కలదు. 1896 నాటి ఆ పరీక్ష ఒక్కమారు చేసినచో మోసగింపవచ్చును. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరమువలనగాని, టీకావలనగాని, వేరు రోగములవలనగాని ఆ అంకె హెచ్చవచ్చును. మొదటి వారముననే, మందు మొదలుపెట్టకముందే రక్తమును పెంచి చూచు పరీక్ష చేయించుట మేలు. అది క్రిమిని పట్టి, దానికి తగిన మందును కూడ చెప్పును. అదేవిధముగా పాడి పశువులున్న యిండ్లలో వారముల తరబడి వచ్చిపోవు జ్వరము, నడుము నొప్పి, రాత్రి చెమటలు ఉన్నచో బ్రూసెల్లా అను పశురోగము కావచ్చును. ఈడ్చుకొనిపోయిన పశువు ఈనునప్పుడు ఒట్టి చేతులతో దూడను లాగుటచేతను, కాచని పాలు త్రాగుటచేతను ఇది మనుష్యులకు అంటును. మనము బెంగళూరుకు పోవు రైలుదారిలోని యలహంకలో పశురోగములను పరిశీలించు జాతీయసంస్థయే కలదు. వైద్యుని వద్దకు పోయినప్పుడు "మాకు ఆవులున్నవి" అను ఒక్క మాట చెప్పినచో ఆయన ఆలోచన సరియైన దారి పట్టును.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. పరీక్షకు ఖర్చగునని యొకటి. నాలుగు చోట్ల నాలుగు విధములైన మాత్రలు కొని, చివరకు బెంగళూరులో పడక బాడుగ కట్టుటకన్న మొదటి పరీక్ష చవుక. ఫలితము వచ్చునప్పటికి రోగి ఏమగునని మరియొకటి. ఇది న్యాయమైన సందేహము. ప్రాణాపాయమున్నచో ఏ వైద్యుడును ఫలితమునకై కూర్చుండడు, కూర్చుండరాదు. ముందు నమూనా తీసి, ఆ వెంటనే మందు మొదలుపెట్టి, ఫలితము రాగానే అవసరమైనచో మందు మార్చును. నమూనాకు పట్టు కాలము అయిదు నిమిషములు. మందు తరువాత నమూనా తీసినచో క్రిములు దాగుకొని చీటీ తప్పు చెప్పవచ్చును. అనుభవముగల వైద్యునికి పరీక్షలెందుకని మూడవ ఆక్షేపణ. అనుభవజ్ఞుడైన వైద్యుడే పరీక్ష అడుగును. ఒకే విధముగా కనబడు జ్వరములు ఎన్నియో ఆయనకే బాగుగా తెలియును. అయినదానికి కానిదానికి పది పరీక్షలు వ్రాయుట కూడ తప్పే. ఏ పరీక్ష ఎందులకని అడుగు హక్కు రోగికి కలదు. మర్యాదగా అడిగినచో చెప్పని వైద్యులు తక్కువ.

ఇక మన సంఘమునకు సంబంధించిన విషయము. పరీక్షాశాల చీటీ ఆంగ్లమున నుండును. ఆసుపత్రిలో మాట కన్నడమున నడచును. మన యిండ్లలోని అవ్వకు, తాతకు వచ్చినది తెలుగు. మన బిడ్డలు కన్నడము చక్కగా చదివి వ్రాయుచున్నారు. అది మన రాష్ట్రభాష, మనకు అన్నము పెట్టిన భాష, దానితో మనకు పేచీ లేదు. కాని వృద్ధురాలికి "కఫ" కావలెనని చెప్పినప్పుడు ఆమె ఉమ్మి డబ్బా నింపి ఇచ్చినచో పరీక్ష వ్యర్థము. క్రిమి రొమ్ములో దాగియుండగా నోటిలోని ఉమ్ము ఏమి చెప్పును? చీటీ "లేదు" అని వచ్చును, ఇల్లు నిశ్చింతగా నుండును, రోగము పెరుగును. ఒక్క మాట అర్థము కాకపోవుటచే ఒక ప్రాణము పోవచ్చును. భాషాల్పసంఖ్యాకుల సంఘమునకు ఇంతకన్న తగిన సేవ ఏమున్నది?

కనుక మేము సంఘము ముందు మూడు పనులుంచుచున్నాము. మొదటిది, తెలుగున కన్నడమున పక్కపక్కగా ముద్రించిన ఒక్క పుట కరపత్రము. అందులో ఈ మాటలుండవలెను: కఫము ఇచ్చుటకు ముందు నీటితో నోరు పుక్కిలింపుము, ఆరుబయట నిలిచి గట్టిగా ఊపిరి పీల్చి రొమ్ములోతునుండి దగ్గి గళ్లను తీయుము, డబ్బా మూత బిగింపుము, ఒకటి వచ్చినప్పుడు, మరియొకటి తెల్లవారగనే ఇమ్ము, మందు తినుచున్నచో దాని పేరు చెప్పుము, జ్వరము ఏ దినమున మొదలైనదో చెప్పుము, చీటీలను పారవేయక ఒక సంచిలో దాచుము. రెండవది, మన విద్యార్థులలో జీవశాస్త్రము చదువువారు కొందరు వారమునకొక పూట ఆసుపత్రిలో వృద్ధులకు తోడుండి, చెప్పినది తెలుగులో విడమరచి చెప్పవలెను. వారికి వైద్యము చేయు అధికారము లేదు, చీటీని చదివి రోగము తేల్చు పని వారిది కాదు. మాటను చేరవేయుటయే వారి పని.

మూడవది, పాలకులకు విన్నపము. ప్రతి జిల్లాకు ఒక సమగ్ర ప్రజారోగ్య పరీక్షాశాల ఉండవలెనను కేంద్ర పథకము 2021 అక్టోబరులో ఆరంభమైనది. సూక్ష్మజీవులను పెంచి, మందులను సరిచూచు పని అందులో భాగము. మన జిల్లాలో ఆ పని ఎంతవరకు వచ్చినది, గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి ఆసుపత్రులలో తీసిన నమూనా జిల్లా శాలకు ఎన్ని గంటలలో చేరుచున్నది, ఫలితము ఎన్ని దినములలో రోగి చేతికి వచ్చుచున్నది అని అడుగవలెను. భవనము కట్టినంత మాత్రమున చాలదు. యంత్రమునకు సామగ్రి, చల్లదనమునకు కరెంటు, చూచుటకు శిక్షణగల మనిషి, నమూనా మోయుటకు బండి - ఇవి నాలుగును ఉండవలెను. ఈ విన్నపమును మనము తెలుగువారముగా చేయనక్కరలేదు. ఈ జిల్లా ప్రజలుగా, కన్నడిగ, ఉర్దూ సోదరులతో కలసి చేయవలెను. రోగమునకు మాతృభాష లేదు.

మన ఊరు శాస్త్రమునకు పరాయిది కాదు. 1965 నుండి గౌరిబిదనూరు సమీపమున ఉన్న భూకంప పరిశీలనకేంద్రము వేలకొలది మైళ్ల దూరమున భూమి కంపించినను ఇక్కడ గుర్తించుచున్నది. మన తాలూకాలోని హొసూరున జన్మించిన డాక్టరు హెచ్. నరసింహయ్యగారు 1962 లో బెంగళూరు సైన్సు ఫోరమును నెలకొల్పి, ప్రతి విషయమును ప్రశ్నించి పరీక్షించి నమ్మవలెనని జీవితాంతము బోధించినారు. అట్టి ఊరివారము ఇంటిలోని జ్వరమును ప్రశ్నింపకుండ ఊరకుండుట తగదు.

ప్రతి యింటి పెద్దకును మా విన్నపమిది. ఈ వానకాలమున ఇంట ఎవరికైన జ్వరము వచ్చి మూడు దినములు నిలిచినను, దగ్గు రెండు వారములు దాటినను, మందుల అంగడికి పోవుటకు ముందు ఆసుపత్రికి పొండు. వైద్యుని అడిగి నమూనా ఇండు. ఆపైన ఆయన చెప్పిన మందు చెప్పినన్ని దినములు తినుడు. కరపత్రమునకు, విద్యార్థుల సేవకు పేర్లియ్యదలచినవారు సంఘ కార్యాలయమునకు వచ్చి వ్రాయించవలెను. వచ్చు వారమునుండియే పని మొదలుపెట్టవచ్చును.